మియాటా మలుపుల్లో పదునుగా తిరగాలంటే: సస్పెన్షన్ సర్దుబాటుపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది ఏ కారు గురించి?

మజ్దా ఎంఎక్స్-5 గురించి. అమెరికాలో దాన్ని మియాటా అంటారు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తొలిసారి కనిపించిన ఈ రెండు సీట్ల కారు ఇప్పటికి నాలుగు తరాలు చూసింది. 1997 దాకా వచ్చినవి ఎన్‌ఏ, 1998 నుంచి 2005 దాకా ఎన్‌బీ, ఆ తర్వాత ఎన్‌సీ, 2015 నుంచి ఎన్‌డీ. మన ఊళ్లలో మజ్దా అంటే స్వరాజ్ మజ్దా వ్యానే గుర్తొస్తుంది. ఈ కారును కంపెనీ భారత్‌లో అమ్మలేదు. అయితే అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటూ, వారాంతాల్లో సరదాగా నడుపుకోవడానికి పాత మియాటా కొనుక్కున్న తెలుగువాళ్లు ఉన్నారు. ఈ పేజీ ముఖ్యంగా వాళ్ల కోసం. ఇక్కడి అంకెలు ఎన్‌ఏ, ఎన్‌బీలవి. ఎన్‌డీ గురించి కింద విడిగా ఒక ప్రశ్న ఉంది. వేరే కారు ఉన్నవాళ్లకు అంకెలు పనికిరావు గానీ పద్ధతి పనికొస్తుంది.

నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి కారు దొరకదు. బరువు టన్నుకు అటూ ఇటూ. ఆ బరువు ముందు, వెనుక ఇరుసుల మీద దాదాపు సమానంగా పడుతుంది. ఎన్‌ఏ, ఎన్‌బీల్లో నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షనే, అంటే ప్రతి చక్రాన్నీ పైన ఒకటి, కింద ఒకటి విష్‌బోన్ అనే చీలిక చేతులు పట్టి ఉంచుతాయి. ప్రతి చక్రం దగ్గరా కింది విష్‌బోన్‌కు, తిప్పితే దాన్ని లోపలికీ బయటికీ జరిపే క్యామ్ బోల్టులు రెండేసి ఉంటాయి కాబట్టి కొత్త భాగం ఒక్కటి కూడా కొనకుండా చక్రాల కోణాలు మార్చుకోవచ్చు. ఈ సౌకర్యం చాలా ఖరీదైన కార్లలో కూడా లేదు.

సస్పెన్షన్ ఎంత గట్టిగా ఉంటే కారు అంత బాగా తిరుగుతుంది కదా?

కాదు. ఈ అపోహ వల్ల వృథా అయినంత డబ్బు ఇంజన్ భాగాల మీద కూడా వృథా అయి ఉండదు.

మలుపులో కారును పట్టి ఉంచేది టైరు రోడ్డుకు ఆనుకున్న నాలుగు చిన్న మచ్చలు. సస్పెన్షన్ పనల్లా ఆ మచ్చలను రోడ్డుకు సాపుగా, వీలైనంత నిలకడైన బరువుతో అదిమి ఉంచడం. కారు మరీ మెత్తగా ఉంటే ఒరుగుతుంది, టైరు అంచు మీద నడుస్తుంది. మరీ గట్టిగా ఉంటే గతుకు తగిలినప్పుడల్లా టైరు గాలిలోకి లేస్తుంది. గాలిలో ఉన్న టైరుకు పట్టు ఉండదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మలుపులో లోపలి చక్రాల నుంచి బయటి చక్రాల మీదికి మారే మొత్తం బరువును నిర్ణయించేవి మూడు: కారు గరిమనాభి ఎత్తు, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం, మీరు తిరిగే జోరు. స్ప్రింగులు గట్టిపరిస్తే ఒరుగుడు తగ్గుతుంది గానీ ఆ బదిలీ దాదాపుగా తగ్గదు. మారేదల్లా అందులో ముందు ఇరుసు ఎంత మోస్తుంది, వెనుక ఇరుసు ఎంత మోస్తుంది అన్న వాటా. ఇద్దరు మనుషులు కర్రకు కట్టుకుని మోసే మూటను ఒకరి వైపు జరిపితే మొత్తం బరువు మారదు, ఆ ఒక్కరి భుజం మీద భారం పెరుగుతుంది. ఏ ఇరుసు ఎక్కువ మోస్తే ఆ ఇరుసు టైర్లు ముందుగా జారతాయి. సస్పెన్షన్ సర్దుబాటులో సగం విద్య ఈ వాటాను మార్చడమే.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి?

కారు కిందికి దూరి చూడటంతో. ఎన్‌ఏ కార్లకు మూడు దశాబ్దాల వయసు వచ్చింది. సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌లు ఎండి పగిలి ఉంటాయి, షాక్ అబ్జార్బర్ల నుంచి నూనె కారి ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది. అలాంటి కారుకు రేసు స్ప్రింగులు వేస్తే అది గట్టిగా ఉండే పాత కారు అవుతుంది, అంతే.

ముందు చక్రాన్ని పైకెత్తి, 12 గంటలు, 6 గంటల స్థానాల్లో రెండు చేతులతో పట్టుకుని ఊపండి. లూజు ఉంటే బాల్ జాయింటో బేరింగో అరిగినట్టు. 9, 3 స్థానాల్లో పట్టుకుని ఊపితే లూజు కనిపిస్తే టై రాడ్ చివరలను చూడండి. మలుపులో కారు ఒరుగుడును తగ్గించే ఉక్కు కడ్డీ, అంటే యాంటీ రోల్ బార్, చివరన ఉండే లింకులు కూడా చేత్తో కదిపి చూడాలి. చవకైన ఆ లింకులు అరిగితే ప్రతి చిన్న గతుక్కూ టకటకమంటాయి. యజమాని మాత్రం ఖరీదైన షాకులను అనుమానిస్తుంటాడు.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఎన్‌ఏ, ఎన్‌బీల నేల కింద పొడవునా సాగే, ఫ్రేమ్ రైళ్లు అనే దూలాలు పల్చని రేకువి. వాటికింద జాకీ పెడితే నలిగిపోతాయి. మార్కెట్లో దొరికే పాత కార్లలో నలగని రైళ్లున్న కారు కనిపిస్తే కొంత ఎక్కువ ఇచ్చయినా కొనవచ్చు. జాకీ పెట్టాల్సిన చోట్లు ముందు సబ్‌ఫ్రేమ్ (సస్పెన్షన్‌ను మోసే అడ్డ చట్రం) మధ్య భాగం, వెనుక డిఫరెన్షియల్ (ఇంజన్ బలాన్ని వెనుక చక్రాలకు పంచే పెట్టె), పక్కల గుమ్మాల కింద బలపరచిన అంచులు. జాకీ మీద మాత్రమే నిలబెట్టిన కారు కిందికి ఎవరూ దూరకూడదు. స్టాండ్లు పెట్టాలి.

టైర్ల సంగతి ఏమిటి?

కారులో ఏ మార్పు చేసినా దాని ఫలితం టైరు ద్వారానే రోడ్డుకు చేరుతుంది. అందుకని టైర్లు మంచివి కాకపోతే మిగతా పేజీ చదవనక్కర్లేదు. ఎన్‌ఏకు కంపెనీ ఇచ్చినవి 185/60 ఆర్14 టైర్లు. వేసవికి వాడే మంచి స్పోర్ట్ టైర్లు వేస్తే వచ్చే తేడా ఏ స్ప్రింగూ తేలేదు. తయారీ తేదీ చూసి కొనండి. టైరు మీది గాడులు లోతుగానే ఉన్నా ఏళ్ల తరబడి గోదాములో పడి ఉన్న రబ్బరు గట్టిపడిపోతుంది.

గాలి విషయానికి వస్తే ఎన్‌ఏకు కంపెనీ చెప్పింది చల్లని టైరులో 26 పీఎస్‌ఐ. మామూలు షాపుల్లో అలవాటుగా 32 కొట్టేస్తారు. ఇంత తేలికైన కారుకు అది ఎక్కువ, టైరు మధ్య భాగం మీదే నడుస్తుంది. 26తో మొదలుపెట్టి, ముందు వెనుక విడివిడిగా ఒక్కో పీఎస్‌ఐ చొప్పున మార్చి చూడండి. టైరు వేడి దాదాపు 6 డిగ్రీల సెల్సియస్ పెరిగితే ఒత్తిడి 1 పీఎస్‌ఐ దాకా పెరుగుతుంది. కాబట్టి ఎండలో నిలిపిన కారులో ఒక వైపు టైర్లు కొలిచి రెండో వైపుతో పోల్చడం అర్థం లేని పని.

టైరు అంచున, గాడుల నుంచి పక్క గోడ దాకా సుద్దముక్కతో గీత గీయండి. గట్టిగా నడిపి వచ్చాక చూడండి. గీత పక్క గోడ మీద కూడా చెరిగిపోతే గాలి తక్కువ. గాడుల దగ్గర కూడా సుద్దగీత చెక్కుచెదరకుండా ఉంటే ఎక్కువ. సుద్దముక్క ఖర్చుతో అయ్యే ఈ పరీక్షను పెద్ద పోటీల్లో కూడా చేస్తారు.

క్యాంబర్, క్యాస్టర్, టో: ఏది ఏమిటి? ఎంత పెట్టాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి. ఖర్చుకు తగ్గ ఫలితం అలైన్‌మెంట్‌లో, అంటే చక్రాల కోణాలు సర్దడంలో, ఉన్నంతగా మరెందులోనూ లేదు.

క్యాంబర్ అంటే ముందు నుంచి చూసినప్పుడు చక్రం ఎంత ఒరిగి ఉంది అన్నది. చక్రం పైభాగం కారు లోపలికి ఒరిగితే నెగెటివ్. మలుపులో కారు బయటికి ఒరిగినప్పుడు బయటి టైరు కూడా దానితోపాటు ఒరుగుతుంది. ముందే కాస్త లోపలికి ఒంచి ఉంచితే సరిగ్గా ఆ క్షణంలో టైరు రోడ్డుకు సాపుగా ఆనుతుంది. మరీ ఒంచితే తిన్నగా వెళ్లేటప్పుడు, బ్రేకు వేసేటప్పుడు లోపలి అంచు మీదే భారమంతా పడుతుంది.

క్యాస్టర్ పక్క నుంచి చూస్తే కనిపించే కోణం. స్టీరింగ్ తిరిగే అక్షం వెనక్కి ఎంత వాలి ఉందో అది చెబుతుంది. అది ఎక్కువైతే స్టీరింగ్ తనంతట తాను మధ్యకు వస్తుంది, చేతికి బరువుగా తగులుతుంది, చక్రం తిప్పినకొద్దీ బయటి టైరుకు నెగెటివ్ క్యాంబర్ కూడా కొంత చేరుతుంది. టో అంటే పైనుంచి చూసినప్పుడు రెండు చక్రాల ముక్కులు దగ్గరగా ఉన్నాయా, దూరంగా ఉన్నాయా అన్నది. దగ్గరగా ఉంటే టో ఇన్, దూరంగా ఉంటే టో ఔట్.

రోజూ రోడ్డు మీద నడుపుతూ అప్పుడప్పుడు పోటీకి తీసుకెళ్లే ఎన్‌ఏ, ఎన్‌బీలకు నేను చెప్పే అంకెలు ఇవి. ముందు చక్రాలకు క్యాంబర్ మైనస్ 1 నుంచి మైనస్ 1.5 డిగ్రీలు, క్యాస్టర్ 5 డిగ్రీల దరిదాపుల్లో, టో సున్నా. వెనుక చక్రాలకు క్యాంబర్ మైనస్ 1.5 డిగ్రీలు, రెండు చక్రాలూ కలిపి టో ఇన్ 2 మి.మీ. అటూ ఇటూ. ట్రాక్ మీదే ఎక్కువగా నడిపేవాళ్లు ముందు క్యాంబర్‌ను కారు ఇచ్చినంత తీసుకుని, వెనుక దానికన్నా అర డిగ్రీ తక్కువ ఉంచుకోవచ్చు.

ఎన్‌ఏ ముందు విష్‌బోన్‌లో క్యాంబర్, క్యాస్టర్ రెండూ అవే రెండు క్యామ్ బోల్టులతో మారతాయి కాబట్టి ఒకటి పెంచితే రెండోది తగ్గుతుంది. పవర్ స్టీరింగ్ లేని కారైతే క్యాస్టర్‌ను కాస్త వదులుకోండి. పార్కింగ్‌లో భుజాలు సుఖపడతాయి.

ముందు చక్రాలకు కొద్దిగా టో ఔట్ పెడితే స్టీరింగ్ తిప్పగానే ముక్కు చురుగ్గా లోపలికి వస్తుంది. కోన్ల మధ్య నడిపే పోటీల్లో అది బాగుంటుంది. హైవే మీద మాత్రం లారీల చక్రాలు చేసిన ప్రతి గాడినీ వెతుక్కుంటూ కారు అటూ ఇటూ పోతుంది. వెనుక చక్రాలకు టో ఔట్ ఎప్పుడూ పెట్టకండి. మలుపు మధ్యలో కాలు యాక్సిలరేటర్ మీద నుంచి తీయగానే తోక ముందుకొస్తుంది.

అలైన్‌మెంట్ షాపులో అన్నీ ఆకుపచ్చగా చూపించి పంపేశారు. అది చాలదా?

చాలదు. ఆకుపచ్చ రంగు చెప్పేది కంపెనీ అనుమతించిన హద్దుల్లో ఉందని మాత్రమే. ఆ హద్దులు చాలా వెడల్పు. ఎడమ చక్రం ఆ చివర, కుడి చక్రం ఈ చివర ఉన్నా తెర మీద ఆకుపచ్చే కనిపిస్తుంది. అందుకని మీకు కావాల్సిన అంకెలు కాగితం మీద రాసి ఇవ్వండి. పని మొదలుపెట్టే ముందే “మీరు నాలుగు చక్రాలకూ ఈ అంకెలు పెట్టగలరా?” అని అడగండి. ముఖం చిట్లిస్తే వేరే షాపు చూసుకోండి.

డ్రైవర్ సీటులో మీ బరువంత ఇసుక సంచులో, మీరో ఉండాలి. ట్యాంకు సగం నిండి ఉండాలి. సర్దేటప్పుడు వెనుక చక్రాలు మొదట, ముందు చక్రాలు తర్వాత. ఒక్కో ఇరుసులో క్యాస్టర్, క్యాంబర్ అయ్యాకే టో, ఎందుకంటే మిగతావి కదిపితే టో తానే మారిపోతుంది.

మంచులో ఉప్పు చల్లే రాష్ట్రాల్లో తిరిగిన కార్లకు ఇంకో చిక్కు. క్యామ్ బోల్టు, బుష్ లోపలి ఉక్కు గొట్టానికి తుప్పుతో అతుక్కుపోయి అసలు తిరగదు. దాన్ని బలవంతంగా తిప్పితే బుష్ చిరుగుతుంది. కొద్ది రోజుల ముందు నుంచే తుప్పు వదిలించే నూనె పోస్తూ, నట్టు వదులు చేసి చూసుకున్నాకే షాపుకు వెళ్లండి. మళ్లీ బిగించే ముందు బోల్టుకు తుప్పు పట్టనివ్వని గ్రీజు రాయాలి.

ఇంట్లో టో కొలవవచ్చా?

నాలుగు స్టాండ్లు, రెండు దారాలు, ఉక్కు స్కేలు ఉంటే చక్కగా కొలవవచ్చు. సాపైన నేల మీద కారు నిలిపి, స్టీరింగ్‌ను తిన్నగా పెట్టి కట్టేయండి. కారుకు రెండు పక్కలా, చక్రం మధ్య ఎత్తులో, ముందు నుంచి వెనక్కి దారం లాగి కట్టండి. ముందు చక్రం మధ్య భాగం నుంచి దారానికి ఉన్న దూరం ఎడమా కుడీ ఒకటే ఉండాలి, వెనుక కూడా అంతే. ముందు, వెనుక దూరాలు మాత్రం ఒకటి కావు, ఎందుకంటే ఈ కారులో వెనుక చక్రాల మధ్య దూరం ముందుకన్నా కొద్దిగా ఎక్కువ. ఇది మరిచి దారాన్ని నాలుగు చక్రాలకూ సమదూరంలో కట్టినవాళ్ల లెక్కలన్నీ తప్పుతాయి.

ఇక రిమ్ము ముందు అంచు నుంచి దారానికి, వెనుక అంచు నుంచి దారానికి దూరం కొలవండి. ముందు అంచు దగ్గర దూరం ఎక్కువ ఉంటే ఆ చక్రం లోపలికి చూస్తోంది, అంటే టో ఇన్. ఏ వ్యాసం మీద కొలిచారో రాసుకోవడం ముఖ్యం. 185/60 ఆర్14 టైరు బయటి వ్యాసం సుమారు 578 మి.మీ. టైరు అంచుల దగ్గర కొలిస్తే 1 మి.మీ. తేడా దాదాపు 0.1 డిగ్రీ. 14 అంగుళాల రిమ్ము దగ్గర కొలిస్తే అదే 0.1 డిగ్రీకి 0.6 మి.మీ.యే వస్తుంది. ఒక్కసారి కొలిచి నమ్మవద్దు. కారును ముందుకు తోసి, వెనక్కి తెచ్చి మళ్లీ కొలవండి.

కారును ఎంత కిందికి దించవచ్చు?

మీరు అనుకున్న దానికన్నా తక్కువే. కొంత దించితే గరిమనాభి దిగుతుంది, బరువు బదిలీ తగ్గుతుంది. అంతవరకు లాభమే. అయితే ఎన్‌ఏలో చక్రం పైకి లేవడానికి ఉన్న జాగా మొదటి నుంచీ తక్కువ. రెండు అంగుళాలు దించితే షాక్ రాడ్ మీద ఉండే బంప్ స్టాప్ అనే రబ్బరు ముద్దకు కారు ఆనుకునే నడుస్తుంది. బంప్ స్టాప్ తగిలిన క్షణం ఆ చక్రం దగ్గర స్ప్రింగు ఒక్కసారిగా ఎన్నో రెట్లు గట్టిపడుతుంది. మలుపు మధ్యలో వెనుక చక్రానికి అలా జరిగితే కారు చెప్పకుండా జారుతుంది. “ఉన్నట్టుండి తోక జారింది” అని వాపోయే చాలా కార్లలో అసలు నేరస్థుడు ఈ రబ్బరు ముద్దే.

మీ కారులో అది జరుగుతోందో లేదో తేల్చుకోవడం సులువు. షాక్ రాడ్ మీది దుమ్ము తొడుగును పైకి తోసి, రాడ్ చుట్టూ ఒక చిన్న ప్లాస్టిక్ జిప్ టై బిగించండి. రాడ్ మీద జారేంత వదులుగా, తనంతట తాను జారనంత బిగువుగా ఉండాలి. దాన్ని షాక్ మూతి దాకా కిందికి జరిపి, మీకు అలవాటైన రోడ్డు మీద నడిపి రండి. జిప్ టై ఎక్కడ ఆగిందో చూడండి. బంప్ స్టాప్‌కు ఆనుకునే దాకా వెళ్లి ఉంటే మీరు వాడుకుంటున్నది స్ప్రింగు కాదు, రబ్బరు.

దించినప్పుడు ఇంకో నష్టం కంటికి కనిపించదు. డబుల్ విష్‌బోన్ కారును దించితే దాని రోల్ సెంటర్, అంటే కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు, గరిమనాభి కన్నా వేగంగా కిందికి పోతుంది. రెంటి మధ్య దూరం పెరుగుతుంది కాబట్టి కారు ఒరగాలని ఇంకా గట్టిగా చూస్తుంది. దాన్ని ఆపడానికి మరింత గట్టి స్ప్రింగులు కావాల్సి వస్తుంది. టై రాడ్ల కోణం కూడా మారి, గతుకు తగిలినప్పుడల్లా చక్రం తానే కొద్దిగా తిరుగుతుంది.

ఎన్‌ఏ, ఎన్‌బీలకు ఎత్తును చక్రం మధ్య నుంచి మడ్‌గార్డు అంచు వరకు కొలుస్తారు. ముందు 12.5 అంగుళాలు, వెనుక 13 అంగుళాలు ఉంటే చూడ్డానికి బాగుంటుంది, నడపడానికీ బాగుంటుంది. వెనుక అర అంగుళం ఎత్తుగా ఉండటం సహజం, దాన్ని సరిచేయాలని చూడకండి. ఎన్‌ఏ యజమానులు చేసే మంచి పని ఒకటుంది: షాక్ పైకొసను కారుకు బిగించే మూతలను (టాప్ మౌంట్లు) ఎన్‌బీవి తెచ్చి వేయడం. వాటివల్ల చక్రానికి పైకి లేచే జాగా పెరుగుతుంది. దించినా దించకపోయినా ఇది చేయదగ్గ పనే.

స్ప్రింగులు ఎంత గట్టివి వేయాలి?

స్ప్రింగు మీద రాసి ఉన్న అంకె చక్రానికి నేరుగా అందదు. విష్‌బోన్ మీద స్ప్రింగు చక్రానికి లోపలిగా కూర్చుంటుంది కాబట్టి చక్రం ఒక అంగుళం కదిలితే స్ప్రింగు అంతకన్నా తక్కువ నొక్కుకుంటుంది. ఆ నిష్పత్తి 0.7 అనుకుంటే చక్రం దగ్గర గట్టితనం 0.7ను 0.7తో గుణించినంత, అంటే సుమారు సగం. వేరే కారువాళ్లు చెప్పిన అంకెను తెచ్చి మన కారుకు వేయకూడదనేది ఇందుకే.

ఒక కొలత కోసం చెప్పాలంటే, అమెరికాలో స్పెక్ మియాటా అనే రేసు తరగతిలో ముందు అంగుళానికి 700 పౌండ్లు, వెనుక 325 పౌండ్ల స్ప్రింగులు నిర్ణయించారు. అది నున్నని ట్రాక్‌కు తగిన అంకె. రోడ్డు మీద దాన్ని భరించడం మొండితనం అనిపించుకుంటుంది తప్ప నైపుణ్యం అనిపించుకోదు. రోడ్డు మీద నడిపే కారుకు ముందు 300 నుంచి 350, వెనుక 200 నుంచి 250 మధ్య ఉంటే కారు చురుగ్గానూ ఉంటుంది, పక్క సీటులో కూర్చున్నవాళ్లు మళ్లీ ఎక్కుతారు కూడా.

స్ప్రింగు గట్టిపడితే దాన్ని అదుపులో పెట్టే షాక్ కూడా అంత బలమైనదే కావాలి. పాత షాకుల మీద కొత్త గట్టి స్ప్రింగులు పెట్టడం నా దృష్టిలో అన్నిటికన్నా చెడ్డ ఖర్చు. డబ్బు ఒక్కదానికే ఉంటే షాకులు కొనండి, కంపెనీ స్ప్రింగులు ఉంచండి.

షాక్ అబ్జార్బర్ గుండీలు ఎలా తిప్పాలి?

నెమ్మదిగా, లెక్క రాసుకుంటూ. గట్టితనం మార్చుకునే షాకులకు ఉండే గుండీని గడియారం ముల్లు దిశలో పూర్తిగా తిప్పి, అక్కడి నుంచి వెనక్కి ఎన్ని క్లిక్కులు వచ్చామన్నది లెక్కించాలి. చివరికి వచ్చాక బలంగా బిగించకూడదు, లోపలి సూది దెబ్బతింటుంది. ఎడమా కుడీ ఒకటే లెక్క.

షాక్ రెండు పనులు చేస్తుంది. నొక్కుకునేటప్పుడు ఎదురొత్తేది బంప్, సాగేటప్పుడు ఎదురొత్తేది రీబౌండ్. కోనీ స్పోర్ట్ లాంటి షాకుల్లో రీబౌండ్ ఒక్కటే మారుతుంది. అది తక్కువైతే గతుకు దాటాక కారు రెండు మూడు సార్లు ఊగుతుంది. ఎక్కువైతే వరుసగా గతుకులు వచ్చినప్పుడు స్ప్రింగు తిరిగి సాగే వ్యవధి చాలక కారు క్రమంగా కిందికి దిగిపోతుంది. మెత్తని చివర నుంచి మొదలుపెట్టి, ఊగడం ఆగిన చోట ఆగండి. షాకులు మలుపులోకి ప్రవేశించేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు మాత్రమే ప్రభావం చూపుతాయి. పొడవాటి మలుపు మధ్యలో కారు స్థిరపడ్డాక గుండీలకు పని లేదు.

ముందు యాంటీ రోల్ బార్ లావు చేస్తే ముక్కు బయటికి పోవాలి కదా? మియాటా పోటీదారులు అదే ఎందుకు చేస్తారు?

మంచి ప్రశ్న. పైన చెప్పిన వాటా సూత్రం ప్రకారం ముందు బార్ గట్టిపడితే ముందు టైర్లు ముందుగా జారాలి. కానీ మెత్తని కంపెనీ స్ప్రింగులతో ఉన్న మియాటా ఎంతగా ఒరుగుతుందంటే, ముందు బయటి టైరు అంచు మీదికి వెళ్లిపోతుంది. లావు బార్ వేస్తే ఒరుగుడు తగ్గి టైరు మళ్లీ సాపుగా ఆనుతుంది. వాటాలో పోయిన దానికన్నా ఇలా వచ్చింది ఎక్కువ. పైగా లోపలి వెనుక చక్రం నేలను వదలకుండా ఉంటుంది కాబట్టి మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు ఇంజన్ బలం రోడ్డుకు అందుతుంది.

వెనుక లావు బార్ వేసేవాళ్లు దీనికి సరిగ్గా ఎదురు ఫలితం చూస్తారు. లోపలి వెనుక చక్రం తేలిపోతుంది. ఒక చక్రం తేలినా రెండోదానికి బలం అందించే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ లేని కారైతే ఆ తేలిన చక్రం ఊరికే తిరుగుతుంది, కారు కదలదు.

బార్ గట్టితనం దాని వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 19 మి.మీ. బార్ తీసి 22 మి.మీ. వేస్తే చూడ్డానికి మూడు మి.మీ. తేడాయే గానీ గట్టితనం దాదాపు 80 శాతం పెరుగుతుంది. బోలు బార్లకు ఈ లెక్క నేరుగా వర్తించదు.

బుష్‌లు రబ్బరువా, పాలీయురేథేన్‌వా?

రోడ్డు కారుకు కొత్త రబ్బరు. పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ గట్టిగా ఉంటుంది, నిజమే. కానీ గ్రీజు ఆరితే కీచుమంటుంది, పట్టేస్తుంది.

కొత్తవి వేసినా వేయకున్నా, రబ్బరు బుష్‌లున్న కారు ఎత్తు మార్చినప్పుడు ఒక పని తప్పక చేయాలి. రబ్బరు బుష్ లోపలి గొట్టానికి అతికి ఉంటుంది. విష్‌బోన్ కదిలినప్పుడు అది తిరగదు, మెలిపడుతుంది. చక్రాలు గాలిలో వేలాడుతుండగా బోల్టులు బిగించేస్తే, కారు నేల మీదికి దిగిన క్షణం నుంచి ప్రతి బుష్ మెలిపడే ఉంటుంది. అది ఒక అదనపు స్ప్రింగులా పనిచేస్తూ కారును సరైన ఎత్తుకు రానివ్వదు, కొన్నాళ్లకు చిరిగిపోతుంది. అందుకని బోల్టులన్నీ వదులుగా ఉంచి, చక్రాల కింద బరువు మోసే ర్యాంపులు పెట్టి, కారును దాని సొంత బరువు మీద నిలిపి, అప్పుడు బిగించాలి. కొన్ని వర్క్‌షాపుల్లో ఇది చేయరు, లిఫ్టు మీదే బిగించి పంపేస్తారు. దగ్గరుండి అడగడంలో తప్పు లేదు.

ఇంజన్ గదిలో అడ్డంగా వేసే స్ట్రట్ బార్ పనికొస్తుందా?

పెద్దగా పనికిరాదు. స్ట్రట్లు, అంటే చక్రాన్ని నిలబెట్టే పని కూడా చేసే షాకులు, ఈ కారులో లేనే లేవు. నేల కింద ఫ్రేమ్ రైళ్లకు వేసే బలపట్టీలు మాత్రం గట్టి పైకప్పు లేని ఈ కారు ఒళ్లు వణకడం తగ్గిస్తాయి.

ముక్కు బయటికి పోతోంది లేదా తోక జారుతోంది. ఏం మార్చాలి?

ముందు ఎప్పుడు జరుగుతోందో చెప్పండి. మలుపులోకి వెళ్తూనా, మధ్యలోనా, బయటికి వస్తూనా? ఈ మూడింటికీ మందు ఒకటి కాదు.

లోపలికి వెళ్లేటప్పుడు ముక్కు తిరగకపోతే మొదట మీ కాలినే అనుమానించండి. బ్రేకు ఒక్కసారిగా వదిలేస్తే ముందు టైర్ల మీద బరువు పోతుంది. అది కాదని తేలితే ముందు టోను సున్నా నుంచి కాస్త ఔట్ వైపు జరపండి. మలుపు మధ్యలో పోతుంటే ముందు క్యాంబర్ పెంచండి, లేదా వెనుక గట్టితనం కొద్దిగా పెంచండి. బయటికి వస్తూ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు తోక జారితే వెనుక బార్ మెత్తబరచండి, వెనుక టైర్లలో ఒక పీఎస్‌ఐ తగ్గించి చూడండి. బంప్ స్టాప్ తగులుతోందేమో జిప్ టైతో తప్పక చూడాలి.

ఒకసారికి ఒకటే మార్పు. రెండు మార్పులు కలిపి చేస్తే కారు బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు. తర్వాత పాడైతే వెనక్కి వెళ్లే దారి ఉండదు. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి: తేదీ, వాతావరణం, టైరు ఒత్తిడి, చేసిన మార్పు, మీకు అనిపించింది.

కార్నర్ వెయిట్ చేయించాలా?

ఎత్తు మార్చుకునే కాయిలోవర్లు (స్ప్రింగు, షాక్ కలిసిన జతలు) ఉంటే చేయించండి, లేకపోతే అనవసరం. నాలుగు తూనికల మీద కారును నిలిపి, సీటులో డ్రైవర్ ఉండగా, ఎదురెదురు మూలల బరువుల మొత్తాలు సమానం అయ్యేలా ఎత్తులు సర్దుతారు. దానివల్ల ఎడమ మలుపులో ఒకలా, కుడి మలుపులో మరోలా ప్రవర్తించే గుణం పోతుంది. యాంటీ రోల్ బార్ లింకులు ఊడదీశాకే తూచాలి. లేకపోతే బార్ మెలిక కూడా బరువుగా లెక్కకొస్తుంది.

నాది కొత్త ఎన్‌డీ. ఇవన్నీ వర్తిస్తాయా?

పద్ధతి వర్తిస్తుంది. ఎన్‌డీలో ముందు డబుల్ విష్‌బోన్, వెనుక మల్టీలింక్, అంటే చక్రాన్ని పట్టి ఉంచే అనేక విడివిడి కడ్డీలు. కంపెనీ చెప్పిన గాలి 29 పీఎస్‌ఐ. ఈ తరం కారు కావాలనే బాగా ఒరిగేలా చేశారు. తక్కువ వేగంలో కూడా డ్రైవర్‌కు కారు ఏం చేస్తోందో తెలియాలన్నది ఉద్దేశం. గుర్రమూ రౌతూ ఒకటైనట్టు ఉండాలని మజ్దా మొదటి నుంచీ చెప్పుకుంటున్న మాటే ఇది. 2022 నమూనా నుంచి అమెరికా కార్లలో మలుపులో లోపలి వెనుక చక్రానికి సన్నగా బ్రేకు వేసి కారు వెనుక భాగం పైకి లేవకుండా ఆపే ఏర్పాటు కూడా చేర్చారు. నా సలహా: ఒక సంవత్సరం ఏమీ మార్చకుండా నడపండి. అలైన్‌మెంట్ మాత్రం చేయించండి.

పోటీల్లో పాల్గొంటే నిబంధనలు అడ్డొస్తాయా?

వస్తాయి. అమెరికాలో ఎస్‌సీసీఏ అనే కార్ల క్లబ్బు నడిపే ఆటోక్రాస్‌లో, అంటే కోన్ల మధ్య సాగే పోటీలో, స్ట్రీట్ తరగతికి స్ప్రింగులు కంపెనీవే ఉండాలి, షాకులు మార్చుకోవచ్చు, యాంటీ రోల్ బార్లలో ఒక్కటే మార్చుకోవచ్చు. లావు బార్ కోసం ముందు వైపునే చాలామంది ఎంచుకోవడానికి కారణం పైన చెప్పాను. స్ప్రింగులు మార్చగానే వేరే తరగతిలో, మీకన్నా ఎంతో తయారైన కార్ల మధ్య పడతారు. ఆ ఏటి నిబంధనల పుస్తకం చదివాకే కార్డు గీకండి.

భారత్‌లో నా కారుకు ఇలా చేయించవచ్చా?

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగానే చెప్పింది. అరిగిన బుష్‌లు, షాకులు మార్చడం, కంపెనీ హద్దుల్లో అలైన్‌మెంట్ సర్దడం మరమ్మతులే కాబట్టి వాటికి ఇబ్బంది లేదు. కారును దించే ఆలోచన ఉంటే బీమా కంపెనీని రాతపూర్వకంగా అడగండి, ఆపైన మీ వీధిలోని స్పీడ్ బ్రేకర్‌ను కూడా ఒకసారి చూడండి. వేగంగా నడపాలన్న కోరిక ఉంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరులో ట్రాకులున్నాయి.

మార్పులు చేశాక ఎలా పరీక్షించాలి?

మామూలు రోడ్డు మీద వద్దు. ఖాళీ మైదానంలో అనుమతితో కోన్లు పెట్టి, ఒకే వేగంతో రెండు దిశల్లోనూ గుండ్రంగా తిప్పితే ముక్కు పోతోందో తోక పోతోందో స్పష్టంగా తెలుస్తుంది. బయల్దేరే ముందు చక్రాల నట్లను టార్క్ రెంచితో 88 నుంచి 118 న్యూటన్ మీటర్ల మధ్య బిగించండి. వంద కిలోమీటర్లు తిరిగాక విష్‌బోన్ బోల్టులతో సహా అన్నీ మరోసారి చూడండి. క్యామ్ బోల్టుల తలల మీద, పక్కనున్న లోహం మీద రంగు పెన్నుతో ఒకే గీత గీసి ఉంచితే ఏది జరిగిందో వంగి చూడగానే తెలిసిపోతుంది.